టీవీ చెడిపోలేదు! (పాత టీవీకి సెట్‌టాప్ బాక్సు పెట్టడం గురించి)



దసరా సెలవుల తర్వాత నేను మా డార్మిటరీలో ఒక లెక్క తీశాను. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరిది పని చేస్తోంది అని. పదకొండు మంది "టీవీ ఉంది గాని బొమ్మ రాదు" అన్నారు. ఆన్ చేస్తే తెర మీద తెల్ల చీమలు పాకినట్టు ఉంటాదంట, బుస్సుమని చప్పుడు వస్తాదంట. ఒకరింట్లో ఆ టీవీ మీద పసుపు కొమ్ముల మూట పెట్టేశారు. ఇంకొకరింట్లో దాని వెనకాల కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. అందరూ చెప్పిన మాట మాత్రం ఒకటే, "చెడిపోయింది".

నేను చెప్పేది ఏమిటంటే, వీటిలో చాలా టీవీలు చెడిపోలేదు. తెల్ల చీమలు పాకుతున్నాయి అంటేనే తెర వెలుగుతోంది అని అర్థం. బుస్సుమంటోంది అంటే స్పీకరు కూడా బాగుంది. లోపల అన్నీ పని చేస్తున్నాయి. దానికి బయట నుంచి అందాల్సింది అందడం లేదు, అంతే. అందేలాగ చేసే సామానునే సెట్‌టాప్ బాక్సు అంటారు. మన ఊళ్ళల్లో ఊరికే "బాక్సు" అంటారు, నేను కూడా అలాగే రాస్తాను.

ముందు పాత పద్ధతి ఏమిటో చూద్దాం. మన దేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలయింది. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం 1977లో వచ్చింది. ఆ రోజుల్లో పెద్ద టవరు మీద నుంచి తరంగాలు వదిలేవారు. ఇంటి మీద చేప ముల్లులాంటి యాంటెన్నా పెట్టుకుంటే అది పట్టుకునేది. ఆ తరంగాలు దాదాపు తిన్నగానే పోతాయి. మధ్యలో కొండ అడ్డం వస్తే వెనకాల ఊరికి సరిగ్గా అందవు. మైదానంలో అందరింట్లో బొమ్మ స్పష్టంగా వస్తుంటే మన ఏజెన్సీలో వెదురు బొంగు చివర యాంటెన్నా కట్టి, ఒకరు పట్టుకుని తిప్పుతూ ఉంటే గాని వచ్చేది కాదు అని మా మామ్మ చెబుతాది. వార్తలు అయ్యేసరికి చేతులు పీక్కుపోయేవంట.

ఆ పాత పద్ధతిని అనలాగ్ అంటారు. కొత్త దాన్ని డిజిటల్ అంటారు. ఈ రెండు మాటలు మా సైన్సు టీచరు చెప్పినప్పుడు ఎవరికీ అర్థం కాలేదు. నేను ఇలాగ అర్థం చేసుకున్నాను.

ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీద ఉన్నవాళ్ళని కేకేసి పిలుస్తాం గదా. దూరం పోయేకొద్దీ కేక సన్నబడతాది, గాలి హోరు కలుస్తాది. ఐనా సగం సగం వినిపిస్తాది. అది అనలాగ్. బొమ్మ మసకగా ఐనా, చీమలతో ఐనా, ఏదో ఒకటి కనబడేది.

ఇప్పుడు అదే కబురుని కేక వెయ్యకుండా డప్పు దెబ్బలతో చెబుతున్నారు అనుకోండి. దెబ్బ పడితే 1, పడకపోతే 0. దూరంగా ఉన్నవాడు దెబ్బ పడిందా లేదా అన్నది తెలుసుకుంటే చాలు, కబురు మొత్తం తేడా లేకుండా తెలిసిపోతుంది. గాలి హోరు ఉన్నా ఫరవాలేదు. ఇది డిజిటల్. కాని ఒక చిక్కు ఉంది. ఆ డప్పు భాష తెలిసిన మనిషి పక్కన ఉండాలి. లేకపోతే ఒట్టి దబదబే.

మన పాత టీవీకి కేక భాష ఒక్కటే వచ్చు. బాక్సు ఆ డప్పు భాష విని దానికి తెలిసిన భాషలో చెబుతుంది. మా ఊరి పిల్లలు ఇంట్లో కువి మాట్లాడతారు. ఒకటో తరగతిలో పంతులు గారి తెలుగు వాళ్ళకి అర్థం కాదు. ఐదో తరగతి పిల్ల ఒకత్తి మధ్యలో కూర్చుని "పలక తియ్యమంటున్నారు" అని మా భాషలో చెప్పేది. బాక్సు చేసే పని అదే. ఒకటో తరగతి పిల్లకి తెలివి లేదు అని ఎవరైనా అంటే ఎంత తప్పో, ఆ టీవీ చెడిపోయింది అనడం కూడా అంతే తప్పు.

మరి కేకలు ఎప్పుడు ఆగిపోయాయి? దూరదర్శన్ తన అనలాగ్ టవర్లను కొన్నేళ్ళ పాటు కొన్ని కొన్నిగా ఆపుతూ వచ్చింది. సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఒక 50 వరకు ఉంచి, మిగిలినవి 2022 మార్చి 31 నాటికి ఆపేస్తామని ప్రకటించింది. మా ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ తెలియదు. యాంటెన్నా ఊడింది అనుకున్నారు, కోతులు వైరు లాగాయి అనుకున్నారు, చివరికి టీవీ పోయింది అనుకున్నారు.

పట్నాల్లో కేబులు వైరు ఉన్నవాళ్ళకి ఈ మార్పు ఇంకా ముందే వచ్చింది. కేబులు కూడా డిజిటల్ చెయ్యాలని 2011లో చట్టం మార్చారు. హైదరాబాదు, విశాఖపట్నం లాంటి 38 నగరాలకు 2013 మార్చి 31 గడువు పెట్టారు. పల్లెలతో సహా చివరి దశకు 2017 మార్చి 31 గడువు. అందుకే కేబులు ఉన్న చుట్టాలింట్లో కూడా టీవీ కింద ఒక బాక్సు ఉంటుంది. మన కొండ ఊళ్ళకి కేబులు వైరు రాదు గనక మనకి ఆ గొడవ లేదు.

అమెరికాలో పెద్ద టవర్లు 2009 జూన్ 12న డిజిటల్‌కి మారాయి. అక్కడ ముందుగానే తేదీ చెప్పారు. అడిగిన ఇంటికి 40 డాలర్ల కూపన్లు రెండు వరకు ఇచ్చారు, పాత టీవీకి బాక్సు కొనుక్కోవడానికి. దాన్ని వాళ్ళు కన్వర్టర్ బాక్సు అన్నారు. వాళ్ళకీ మనకీ ఒక తేడా ఉంది. వాళ్ళకి డిజిటల్ కూడా నేల మీది టవరు నుంచే వస్తుంది, కాబట్టి పాత యాంటెన్నాకే బాక్సు తగిలించుకున్నారు. మన ఊళ్ళకి అలాగ రాదు, ఆకాశం నుంచి రావాలి. అందుకే మనకి బాక్సుతో పాటు డిష్ కూడా కావాలి. పాత చేప ముల్లు యాంటెన్నా దీనికి పనికిరాదు. దాన్ని తీసి బట్టలు ఆరేసుకోవచ్చు.

ఆకాశం నుంచి అంటే ఉపగ్రహం నుంచి. దూరదర్శన్ వారి డిష్ సేవ 2004 డిసెంబరులో మొదలయింది. అప్పుడు దాని పేరు డీడీ డైరెక్ట్ ప్లస్. ఇప్పుడు డీడీ ఫ్రీ డిష్ అంటారు. ఇది జీశాట్-15 అనే మన దేశపు ఉపగ్రహం నుంచి వస్తుంది. అది భూమధ్య రేఖకి పైన దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. భూమి ఒకసారి తిరిగే సమయంలోనే అది కూడా ఒకసారి తిరుగుతుంది గనక మనకి ఆకాశంలో ఒకే చోట నిలబడినట్టు ఉంటుంది. కదలదు కాబట్టే డిష్‌ని ఒకసారి బిగిస్తే చాలు.

ఇక్కడ మన కొండ ఊళ్ళ వాళ్ళకి ఒక మంచి కబురు ఉంది. పాడేరు చుట్టుపక్కల నుంచి చూస్తే ఆ ఉపగ్రహం ఉండే ఎత్తు ఇంచుమించు 65 డిగ్రీలు. కోణమానిని తీసి చూడండి. 90 అంటే నడినెత్తి. 65 అంటే దానికి దగ్గరే. అంత పైనుంచి వచ్చేదానికి మామూలుగా కొండ అడ్డం రాదు. ఎన్నో ఏళ్ళు టవరు తరంగాలని ఆపిన కొండ దీన్ని ఆపలేదు. మైదానం వాళ్ళకి ఎంత బాగా వస్తుందో లోయలో ఉన్న మా ఊరికీ అంతే బాగా వస్తుంది. అడ్డం వచ్చేది చెట్టు మాత్రమే. పనస చెట్టు కింద, చింత చెట్టు కింద డిష్ పెట్టకూడదు. వేసవిలో పెట్టినప్పుడు బాగానే వచ్చి, వానలకి కొమ్మలు గుబురెక్కాక ఆగిపోతే, కొమ్మ కొడితే సరిపోతుంది.

దిక్కు సంగతి. దక్షిణం వైపు మొహం పెట్టి నిలబడండి. తూర్పు వైపుకి, అంటే ఎడమ చేతి పక్కకి, 30 డిగ్రీల కంటే కొంచెం ఎక్కువ తిరగండి. అదే దిక్కు. (ఇది మన వైపు లెక్క. ఆదిలాబాదు వైపు వాళ్ళకి కొంచెం వేరుగా ఉంటుంది.) డిష్ చూస్తే అంత పైకి చూస్తున్నట్టు ఉండదు, మొహం కొంచెం నిటారుగా ఉంటుంది. దాని మూతి దగ్గర కర్రకి కింద నుంచి బిగించిన గుండ్రటి సామాను ఉంటుంది, దాన్ని ఎల్‌ఎన్‌బీ అంటారు. తరంగాలు పైనుంచి డిష్‌కి తగిలి దాంట్లోకి దిగేలాగ ఆ వంపు చేశారు.

మన రాష్ట్రంలో పల్లెలకి డిష్ రావడం కొత్త కాదని తెలిసి నాకు ఆశ్చర్యం వేసింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు సైట్ అనే ప్రయోగం జరిగింది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహాన్ని ఒక ఏడాది అడిగి తీసుకుని ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ చూపించారు. అందులో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. అప్పటి డిష్ 3 మీటర్ల వెడల్పు. కోళ్ళ గూటికి కొట్టే ఇనప వలతో చేశారు! ఇప్పటిది వంటింటి చేట కంటే కాస్త పెద్దది.

ఇక కొనడం. ఇది జాగ్రత్తగా చదవండి.

మా అయ్య టీవీ సంగతి అడగడానికి సంతకి వెళ్ళినప్పుడు నేను కూడా వెళ్ళాను. ఒక కొట్లో సావుకారు టీవీని చూడనే లేదు. "ఏరా, ఇంకా ఆ డబ్బా ఎందుకురా? అవి ఇప్పుడు రావు. పాత సామాన్ల వాడికి ఏసేయ్, రెండొందలు ఇస్తాడు. పన్నెండు వేలు తెచ్చుకో, కొత్తది ఇస్తాను" అన్నాడు. అయ్య "సరే బాబూ" అన్నాడు. పన్నెండు వేలంటే మాకు కాఫీ అమ్మితే ఏడాదికి ఒకసారి చేతికి వచ్చే డబ్బుల్లో పెద్ద భాగం. నేను "దీనికి బాక్సు పెడితే వస్తుంది కదండీ" అన్నాను. అప్పుడు "పెట్టొచ్చు. కాని నెలనెలా రీచార్జి చెయ్యాలి" అన్నాడు. నెలనెలా కట్టే కంపెనీల డిష్‌లు వేరేగా ఉన్నాయి, అవి తీసుకుంటే రీచార్జి నిజమే. డీడీ ఫ్రీ డిష్‌కి నెల కట్టేది లేదు. పేరులోనే ఫ్రీ అని ఉంది. ఒకసారి డిష్, ఎల్‌ఎన్‌బీ, వైరు, బాక్సు కొనుక్కోవడమే. అన్నీ కలిపి ఇంచుమించు 2,000 రూపాయలు అవుతుందని దూరదర్శన్ వాళ్ళే చెబుతారు. మేము ఇంకో కొట్లో 1,600కి తీసుకున్నాం. ఆ కొట్టాయన అయ్యని "రండి, కూర్చోండి" అన్నాడు.

కొనేముందు మూడు సంగతులు చూసుకోవాలి. బాక్సు వెనకాల పసుపు, తెలుపు, ఎరుపు రంగుల గుండ్రటి రంధ్రాలు ఉన్నాయా? కొత్త బాక్సుల్లో హెచ్‌డీఎంఐ అనే చదును రంధ్రం కూడా ఉంటుంది. అది పాత పొట్ట టీవీకి ఉండదు. బాక్సుకి అదొక్కటే ఉంటే మనకి పనికిరాదు. రెండోది, అట్టపెట్టె మీద ఎంపెగ్-4 అని ఉండాలి. పాత రకం ఎంపెగ్-2 బాక్సు తక్కువకి ఇస్తామంటారు గాని దాంట్లో కొన్ని ఛానళ్ళు రావు. మూడోది, అది ఫ్రీ డిష్ బాక్సేనా, ఏదైనా కంపెనీ బాక్సా అని.

ఇంకో సంగతి. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం బైండ్ అనే పథకాన్ని ఆమోదించింది. ఆకాశవాణి, దూరదర్శన్‌ల కోసం 2025-26 వరకు పెట్టిన పథకం అది. అందులో మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతాల వాళ్ళకి 8 లక్షలకు పైగా ఫ్రీ డిష్ బాక్సులు ఉచితంగా ఇస్తామని ఉంది. మీ ఊళ్ళో, మీ చుట్టాల ఊళ్ళో ఎవరికైనా వచ్చాయేమో కనుక్కుని నాకు చెప్పండి. ఎవరికి వచ్చిందో, ఎవరిని అడిగితే వచ్చిందో తెలిస్తే వచ్చే సంచికలో రాస్తాను.

బాక్సుతో ఒక చిన్న పుస్తకం వస్తుంది. ఇంగ్లీషులో, హిందీలో ఉంది. మా అయ్య, అమ్మ, మామ్మ, పక్కింటి మావ, అందరూ నా చుట్టూ కూర్చుని "ఏటి రాసుందమ్మా?" అని అడిగారు. పరీక్షలో కూడా నాకు అంత భయం వెయ్యలేదు. అది చదివి, మా బావతో కలిసి బిగించాం. నడిచిన పద్ధతి ఇది.

డిష్ వైరుని బాక్సులో "ఎల్‌ఎన్‌బీ ఇన్" అన్న చోట మరలా తిప్పి బిగించాలి. అంతవరకు కరెంటు పెట్టకూడదు. మూడు రంగుల తీగని బాక్సు నుంచి టీవీకి పెట్టాలి. పసుపు బొమ్మకి, తెలుపు, ఎరుపు చప్పుడికి. టీవీకి రెండే రంధ్రాలు ఉంటే పసుపు, తెలుపు పెట్టి ఎరుపుని వదిలెయ్యండి. బాగా పాత టీవీలకి ఈ రంధ్రాలే ఉండవు, యాంటెన్నా రంధ్రం ఒక్కటే ఉంటుంది. అప్పుడు ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా మధ్యలో పెట్టాలి. అది ఎలక్ట్రికల్ కొట్లో అడగండి.

తర్వాత టీవీ రిమోటులో ఏవీ బొత్తం నొక్కాలి. చాలా ఇళ్ళల్లో ఇక్కడే ఆగిపోతారు. బాక్సు బాగానే ఉంటుంది, డిష్ బాగానే ఉంటుంది, టీవీ మాత్రం ఇంకా పాత యాంటెన్నా వైపే చూస్తూ చీమలు చూపిస్తుంది. రిమోటు పోయి ఉంటే టీవీ మీద ఛానల్ తగ్గించే బొత్తం నొక్కుతూ 0 దాటి వెళ్ళండి. చాలా టీవీల్లో ఏవీ అక్కడ ఉంటుంది. ఆ తర్వాత నుంచి ఛానళ్ళు మార్చేది బాక్సు రిమోటే.

ఇప్పుడు డిష్ తిప్పడం. బాక్సు మెనూలో రెండు గీతలు కనబడతాయి. ఒకటి స్ట్రెంత్, ఒకటి క్వాలిటీ. స్ట్రెంత్ గీత డిష్ ఎటు తిరిగి ఉన్నా కొంత చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. క్వాలిటీ గీత పెరగాలి. ఒకరు డిష్ దగ్గర, ఒకరు టీవీ దగ్గర. మా బావ డాబా మీద నుంచి "వచ్చిందా?" అని, నేను లోపల నుంచి "నేదు!" అని, ఒక గంట సేపు ఊరంతా విన్నాది. వేలెడు మందం కూడా కాదు, గోరంత జరిపితే వచ్చేస్తుంది, గోరంత జరిపితే పోతుంది. అందుకే ఒక్కసారి జరిపి, రెండు సెకన్లు ఆగి చూడాలి. గబగబా తిప్పితే ఎన్నటికీ దొరకదు. దొరికాక నట్లు గట్టిగా బిగించి, అప్పుడు స్కాన్ నొక్కితే ఛానళ్ళు వరసగా చేరతాయి.

మనుషులు సాగదీసినట్టు సన్నగా పొడుగ్గా కనబడితే టీవీది తప్పు కాదు. కొత్త తెరలు వెడల్పు, మన పొట్ట టీవీ దాదాపు చదరం. బాక్సు మెనూలో తెర కొలత 4:3 అని ఉంటుంది, అది పెట్టుకోవాలి.

ఏమేం వస్తాయి? డీడీ సప్తగిరి వస్తుంది, తెలంగాణ వాళ్ళ డీడీ యాదగిరి కూడా వస్తుంది. ఆకాశవాణి రేడియో కూడా దీంట్లో వినవచ్చు. 2020లో కరోనాకి బడులు మూసినప్పుడు పీఎం ఈ-విద్య అని ఒక్కో తరగతికి ఒక్కో పాఠాల ఛానల్ పెట్టారు, 1 నుంచి 12 వరకు. ఆ మొదటి 12 ఛానళ్ళలో పాఠాలు ఎక్కువగా హిందీ, ఇంగ్లీషు. లెక్కల పాఠం మాత్రం బోర్డు చూసి కొంత అర్థం చేసుకోవచ్చు. అబద్ధం ఎందుకు చెప్పాలి, సీరియళ్ళ కోసం ఐతే ఇది అంత బాగోదు. ప్రైవేటు ఛానళ్ళు ఫ్రీ డిష్‌లో చోటుని వేలంలో కొనుక్కుని వస్తాయి. కొన్నవి ఉంటాయి, కొననివి పోతాయి. వాటిలో ఎక్కువ హిందీవే. మా మామ్మ మొదటి రోజు "ఇదేటి, అన్నీ హిందీ వోళ్ళే" అని లేచి వెళ్ళిపోయింది. తర్వాత సప్తగిరిలో వార్తలు వస్తుంటే వచ్చి కూర్చుంది. మా ఊరికి సెల్ టవరు లేదు. ఫోను ఉన్నా కొండ ఎక్కితే గాని మోగదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా కాఫీ తోటకి నీడనిచ్చే చెట్లు పడిపోయాయి. ఆ గాలి ఎందుకు వచ్చిందో మా వాళ్ళకి రెండు రోజుల తర్వాత తెలిసింది. ఇప్పుడు తుఫాను అంటే మామ్మే ముందు వార్తలు పెట్టమంటాది.

పెద్ద వాన పడితే బొమ్మ గళ్ళు గళ్ళుగా పగిలి ఆగిపోతుంది. ఈ తరంగాలని వాన చినుకులు మింగేస్తాయి. వాన తగ్గాక దానంతట అదే వస్తుంది, డిష్‌ని ముట్టుకోకండి. పిడుగులు పడేటప్పుడు టీవీ ప్లగ్గు, బాక్సు ప్లగ్గు రెండూ ముందే పీకెయ్యాలి. డిష్‌ని కరెంటు తీగలకి దగ్గరగా బిగించకూడదు. పొట్ట టీవీ వెనక మూత మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా దాని లోపల పెద్ద కరెంటు నిలవ ఉంటుంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ టీవీ మీది మూట దించి, కోడిపెట్టని జరిపి, వెనకాల ఎన్ని రంధ్రాలు ఉన్నాయో, ఏ రంగువో నోట్సులో బొమ్మ గీసుకు రండి. ఏ తీగ కావాలో చూసి చెబుతాను. బాక్సు పుస్తకం ఉంటే అది కూడా తెండి, కలిసి చదువుదాం.

— 9వ తరగతి విద్యార్థిని